గ్రో బ్యాగులు, కోకోపీట్, డ్రిప్ టైమర్: మా మిద్దె తోటలో ఏవి నిలిచాయి, ఏవి పోయాయి

మిద్దె తోట పెట్టాలనుకునేవాళ్ళు ముందు కొనేది గ్రో బ్యాగులే, అంటే మట్టి నింపి మొక్కలు పెంచే సంచులు. నాలుగేళ్ళకు పైగా వాడాక నేను చెప్పేది ఇది: డబ్బు వాటి మీద ఎక్కువ పెట్టకండి. కింద వేసే స్టాండ్ల మీద, లోపల పోసే మట్టి మీద, ఎండాకాలం పైన కట్టే షేడ్ నెట్ మీద పెట్టండి. అన్నిటికంటే ముందు చిరిగేది బ్యాగే.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు చిన్న ఇండిపెండెంట్ ఇల్లు. 2020 చివర్లో గృహప్రవేశం చేశాం. ఆ రోజు బంధువులు ఇచ్చిన గోడ గడియారాలు ఇంకా అటక మీదే ఉన్నాయి గానీ, మా పిన్ని తెచ్చిన కరివేపాకు మొక్క మాత్రం ఇప్పుడు నా ఎత్తు దాటింది. తోట దానితోనే మొదలైంది.

తర్వాత ఆన్‌లైన్‌లో 220 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ 220 గ్రాములు తూగే మందం) హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ బ్యాగులు తెప్పించాం. కూరగాయలకు 15 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్నవి. ఆకుకూరలకు 18 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు ఉన్నవి. అయిదేళ్ళు ఢోకా లేదని అమ్మేవాళ్ళు చెప్తారు. ఆ మాట సగమే నిజం. మెట్ల గది నీడ పడే చోట పెట్టినవి ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. పడమటి పిట్టగోడ పక్కన ఎండ తినే బ్యాగులు మాత్రం మూడో ఎండాకాలానికే పెళుసుబారాయి. ముందు పిడి తెగుతుంది, తర్వాత పై అంచు. గోరుతో గీస్తే పైన తెల్ల పొర పొడిపొడిగా రాలుతుంది. లోపలి అల్లిక పట్టీలు పోగులుగా విడిపోయి మట్టిలో కలుస్తాయి. ఒకసారి తోటకూర వేళ్ళతో సహా పీకితే, వేళ్ళకు మట్టితో పాటు ఆ ప్లాస్టిక్ పోగులు చుట్టుకుని వచ్చాయి. అప్పటినుంచి అంచు పెళుసుబారిన బ్యాగుల్లో తినేవేవీ వేయడం లేదు. అన్నట్టు, ఆ పిడులు ఖాళీ బ్యాగు మోయడానికే. మట్టి నింపాక వాటిని పట్టుకుని ఎత్తితే కుట్టు ఊడి చేతికొస్తుంది.

రెండు సైజుల్లో నా ఓటు వెడల్పువాటికే. తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీర, గోంగూర అన్నీ తొమ్మిది అంగుళాల మట్టిలో హాయిగా పెరుగుతాయి. వంగ, టమాటా, మిరపకు లోతైనవి కావాలి కాబట్టి అవి కొన్ని చాలు.

బరువు సంగతి ఎవరూ ముందు చెప్పరు. మా మామయ్యగారు ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాతే ఆయనా అత్తయ్యా తెనాలి దగ్గర పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన వారంలోనే టేపు పట్టుకుని డాబా అంతా తిరిగి కాగితం మీద లెక్క వేశారు. 15 అంగుళాల బ్యాగులో దాదాపు 43 లీటర్ల మట్టి పడుతుంది. తడిసిన మిశ్రమం లీటరుకు కిలో చొప్పున వేసుకున్నా ఒక్కోటి 40 కిలోల పైమాటే. ఒకదాన్నొకటి ఆనించి పెడితే చదరపు మీటరుకు ఆరేడు పడతాయి, అంటే 250 నుంచి 300 కిలోలు. మనుషులు తిరిగే డాబాకు మన నిర్మాణ ప్రమాణాల్లో లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 150 కిలోలే. "ఏమ్మా, వరసకట్టి దట్టంగా పెట్టాలని ఎవరు చెప్పారు? దూలాల మీదుగా, గోడల వెంట పెట్టు. మధ్యలో ఖాళీ వదిలెయ్" అన్నారు. అలాగే జరిపించాం. చూడ్డానికి యూట్యూబ్ తోటల్లా నిండుగా ఉండదు. ఉండక్కర్లేదు.

స్టాండ్లు వెల్డింగ్ షాపులో చేయించాం. బ్యాగు నేరుగా స్లాబు మీద ఉంటే అడుగున తేమ ఆరదు, పెచ్చులూడటం అక్కడే మొదలవుతుంది. అర అడుగు ఎత్తు ఉంటే చీపురు దూరుతుంది, నీళ్ళు ఎటు పోతున్నాయో కనపడుతుంది. రెడ్ ఆక్సైడ్ వేసి పైన రంగు వేయించడం తప్ప ఇప్పటిదాకా వాటికి ఇంకో ఖర్చు లేదు. ఈ తోటలో పెట్టిన ప్రతి రూపాయీ తిరిగొచ్చిందని చెప్పగలిగిన వస్తువు ఇదొక్కటే.

ఇక కోకోపీట్. 5 కిలోల దిమ్మ నానబెడితే 70 లీటర్ల దాకా పొంగుతుంది, తేలిక, శుభ్రం. కాకపోతే కొబ్బరి పీచు పొట్టులో ఉప్పు ఉంటుంది. 'లో ఈసీ', అంటే ఉప్పు తక్కువ అని రాసి ఉన్న దిమ్మలే కొనాలి, వాటినీ నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. రెండోది, అందులో మొక్కకు తిండి ఏమీ ఉండదు. సగం కోకోపీట్ పోసిన బ్యాగుల్లో మొదటి పంట నిగనిగలాడుతూ వచ్చి, రెండో పంటకు ఆకులు పాలిపోయాయి. అదీకాక పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల వేలు పెడితే బురద. నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళేది ఇలాగే. ఇప్పుడు మా పాళ్ళు ఇవి: ఎర్రమట్టి రెండు వంతులు, మాగిన పశువుల ఎరువు రెండు వంతులు, కోకోపీట్ ఒక వంతు, బ్యాగుకు గుప్పెడు వేపపిండి. మా మట్టి బరువు ఎక్కువ, నిజమే. అందుకే బ్యాగుల సంఖ్య తగ్గించాం. వర్మీకంపోస్టు ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో కొంటే కొన్నిసార్లు తడి బంకమట్టిలా వస్తాయి, డబ్బులు దండగ. ఊరి నుంచి బస్తాల్లో తెచ్చుకునే ఎరువుకు సాటి లేదు. ఆ వీలు లేనివాళ్ళు దగ్గర్లోని డెయిరీ పాకల్లో అడగండి. పచ్చి పేడ మాత్రం నేరుగా వేయొద్దు, ఆ వేడికి మొక్క మాడిపోతుంది.

2022లో పాప పుట్టింది. ఆ ఏడాది నేను మేడ ఎక్కింది తక్కువ, ఎక్కినా బరువులు ఎత్తే పని లేదు. తోట బతికిందంటే అత్తయ్య వల్లే. ఆవిడ పద్ధతి వేరు. "అమ్మాయ్, రోజూ గ్లాసెడు గ్లాసెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుందే. పోస్తే అడుగుదాకా దిగేట్టు పొయ్యాలి, లేదంటే మానెయ్యాలి" అంటారు. ఎండాకాలం తప్ప మిగతా రోజుల్లో ఆ మాట అక్షరాలా పనిచేసింది. టమాటా కాయల అడుగున నల్లగా, తోలులా మచ్చ వస్తుంటే నేను మందుల కోసం వెతుకుతున్నాను. నీళ్ళు ఒకరోజు ఎక్కువ, ఇంకోరోజు తక్కువ అయితే కాయకు కాల్షియం అందక అలా అవుతుంది. నీళ్ళు ఒక పద్ధతిలో పోశాక ఆ మచ్చలు చాలావరకు పోయాయి.

ఏడో నెలలో పాపకు అన్నప్రాసన చేశాం. తర్వాత మెత్తగా ఉడికించిన సొరకాయ పెట్టింది మా పాదు కాయలతోనే. సొర గురించి ఒక మాట. దాని పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఊళ్ళో అయితే రాత్రి పురుగులు పని కానిచ్చేస్తాయి, సిటీ డాబా మీదికి అవి వచ్చేది తక్కువ. పిందె వేలెడంత పెరిగి పసుపు పచ్చబడి రాలిపోతుంటే పరాగం అందలేదని అర్థం. చీకటి పడే వేళ మగపువ్వు తుంచి, రేకలు వెనక్కి మడిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాలి. అడుగున బుల్లి పిందె ఉంటే అది ఆడపువ్వు. ఇప్పుడు ఆ పని మా పాపది. వాళ్ళ నానమ్మ చంకెక్కి "బుజ్జి కాయ ఉన్న పువ్వు ఇది" అని చూపిస్తుంది, పుప్పొడి సగం తన ముక్కుకే అంటుకుంటుంది. బీరకూ ఇదే టైము. కాకరకు మాత్రం పొద్దున్నే.

డ్రిప్ కిట్ కొన్నది ఊరికి వెళ్ళినప్పుడు మొక్కలు చావకుండా ఉండటానికి. ఇందులో తెలుసుకోవాల్సిన అసలు విషయం ప్రెషర్. ట్యాంకు ఎత్తు ఒక మీటరుకు 0.1 బార్ ఒత్తిడే వస్తుంది. మా ట్యాంకు మెట్ల గది పైన ఉంది కాబట్టి పావు బార్ కూడా సరిగ్గా రాదు. మొదట వచ్చిన టైమర్ సోలినాయిడ్ రకం (కరెంటు అయస్కాంతంతో తెరుచుకునే వాల్వు), అంత తక్కువ ఒత్తిడికి అది పని చెయ్యదు. అమ్మినవాళ్ళు 'అన్ని ట్యాంకులకూ సరిపోతుంది' అని రాసి, అడిగితే వాపసుకు సవాలక్ష కొర్రీలు పెట్టారు. బాల్ వాల్వ్ ఉన్న టైమర్ అయితే ఒత్తిడి లేకపోయినా తెరుచుకుంటుంది. తర్వాత తెచ్చుకున్నది అదే, నిక్షేపంగా ఉంది. పైపుల సంగతి అంత బాగాలేదు. మా బోరు నీళ్ళు ఉప్పు. డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా పేరుకుని మూసుకుపోతాయి, విప్పి వెనిగర్‌లో నానబెట్టాలి. నాలుగు మిల్లీమీటర్ల సన్న ట్యూబులు ఎండకు బిగుసుకుపోయి జాయింట్ల దగ్గర ఊడతాయి. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి ఒక ట్యూబు ఊడి, ఒక వరస మొత్తం ఎండి, డాబా తడిసిపోయి ఉంది. రోజూ ఇంట్లో ఉండే మనిషి ఉంటే డ్రిప్ అక్కర్లేదు. ఇద్దరూ ఉద్యోగస్థులైతే కొనండి, కానీ నెలకోసారి ఫిల్టరు కడిగే ఓపిక ఉందో లేదో చూసుకోండి.

షేడ్ నెట్ మీద రెండో అభిప్రాయం లేదు. ఎండలో సగాన్ని ఆపే 50 శాతం ఆకుపచ్చ నెట్ మార్చిలో కట్టి, వానలు పడగానే విప్పేస్తాం. రోహిణి కార్తెలో కూడా పాలకూర దక్కిందంటే దాని పుణ్యమే. 75 శాతం నెట్ కింద మొక్క వెలుతురు కోసం సన్నగా సాగుతుంది, కూరగాయలకు అది వద్దు. ఇనుప తీగతో కట్టకండి, ఈదురుగాలికి తీగే నెట్‌ను కోసేస్తుంది. నైలాన్ తాడు మేలు.

పురుగుల మందుల్లో వేపనూనె వాడుతూనే ఉన్నాం. 1500 పీపీఎం (డబ్బా మీద రాసి ఉండే మందు గాఢత) రకం లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు, ముందు కాస్త సబ్బు నీళ్ళలో కలిపి ఆ తర్వాతే మిగతా నీళ్ళు. కొట్టేది సాయంత్రం. పేనుబంకకు బాగా పనిచేస్తుంది. పిండినల్లికి ఇది ఒక్కటే చాలదు, పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, దాన్ని మోసుకొచ్చే చీమలను ఆపాలి. పండుఈగలను పట్టే ఎర బుట్టలు కొనేటప్పుడు జాగ్రత్త. మామిడి, జామలకు పెట్టే మిథైల్ యూజినాల్ ఎర బీర, కాకర మీది ఈగలను లాగదు. వాటికి క్యూ ల్యూర్ కావాలి. షాపుల్లో రెండిటికీ ఒకటే డబ్బా చేతిలో పెడతారు.

పాతిక రకాల విత్తనాల కాంబో ప్యాకెట్లు కొనొద్దు. బ్రోకలీ, క్యాప్సికం, లెట్యూస్ ఉంటాయి, మనం తినే గోంగూర ఉండదు. బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ళ అర్కా రక్షక్ టమాటా మాకు బాగా కుదిరింది. ఆకుముడత తెగులుకు తట్టుకుంటుంది. అది హైబ్రిడ్, కాబట్టి విత్తనం ప్రతిసారీ కొనాలి. వాళ్ళదే అర్కా అనామిక బెండ అయితే ముదిరిన కాయలు ఎండబెట్టి మనమే విత్తనం దాచుకోవచ్చు. జూలైలో బంతి నారు పోస్తాం. పక్కింటివాళ్ళ బతుకమ్మకు ఇవ్వగా మిగిలినవి దసరాకు మా గుమ్మానికి.

ఇంటి కూరగాయల ఖర్చు మొత్తం తగ్గిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆకుకూర, కరివేపాకు, పచ్చిమిర్చి కొనడం దాదాపు మానేశాం. మిగతావన్నీ రైతు బజారు నుంచే వస్తాయి.

ఈ మృగశిరకు చిరిగిన బ్యాగుల బదులు 200 లీటర్ల నీలం డ్రమ్ములు సగానికి కోయించి పెడుతున్నాం. ఒక్కో సగం తడిస్తే 100 కిలోలు, కాబట్టి స్తంభాల మీదికి వచ్చే చోట్లలోనే. మామయ్యగారు సుద్దముక్కతో గుర్తులు పెట్టేశారు. ఒకటి దొండ తీగకని అత్తయ్య ముందే చెప్పి ఉంచారు. పాత డ్రమ్ములు కొనేవాళ్ళు మాత్రం మూత తీసి వాసన చూడండి. జ్యూసులు, నూనెల వంటివి వచ్చినవే తీసుకోండి. కెమికల్ వాసన వస్తే, ఎంత తక్కువకు ఇస్తానన్నా వదిలెయ్యండి.