నాలుగంగుళాల చేతి రోలింగ్ మిషను: రెండేళ్లు తిప్పాక

ముందే చెప్పేస్తున్నా. వెండి కడ్డీని నొక్కి రేకుగా, తీగగా సాగదీసే ఈ మిషను కొన్నందుకు నాకు బాధేమీ లేదు. కానీ అమ్మినాయన చెప్పిన కారణానికైతే మాత్రం ఎవరూ కొనకండి. “పని డబుల్ అవుతుంది మేడమ్, కళ్లు మూసుకుని తీసుకోండి” అన్నాడు. ఒక చేత్తో పిడి తిప్పుతూ, రెండో చేత్తో రేకు పట్టుకుని, మధ్యమధ్యలో మళ్లీ కాల్చుకుంటూ పోయే పనిలో డబుల్ ఎక్కణ్ణుంచి వస్తుంది? భుజం నొప్పి మాత్రం డబులే.

వస్తువు సంగతి. రాజ్‌కోట్ తయారీ. కంపెనీ పేరు చెక్కిన పలకంటూ ఏమీ లేదు. ఆకుపచ్చ రంగు వేసిన పోత ఇనుప బాడీ, దాంట్లో ఒకదాని మీద ఒకటి రెండు స్టీలు రోలర్లు. సగం వెడల్పు నున్నగా ఉంటుంది, అది రేకుకి. మిగతా సగంలో పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా గాడులుంటాయి, అవి తీగకి. పైన రెండు మరలు, వాటిని కలిపే పళ్లచక్రాలు, పక్కన పిడి. బరువు ఇరవై కిలోల పైమాటే. లారీ కిరాయితో కలిపి పద్దెనిమిది వేల చిల్లర పడింది. ఇంగ్లండు డర్‌స్టన్ మిషన్ల గురించి అందరూ గొప్పగా చెబుతారు, నిజమే అయ్యుంటుంది, కానీ ఆ డబ్బుతో నాకు ఏడాది సరిపడా వెండి వస్తుంది.

నేను విజయవాడలో ఇంటి వెనక గదిలో వెండి నగలు చేస్తాను. డిజైను నాది, పని నాది, అమ్మేదీ నా పేరు మీదే. మా నాన్న పాలకొల్లులో కంసాలి పని చేశారు. జీవితమంతా షాపులవాళ్లకి మజూరీ మీద చేసిచ్చారు గానీ ఒక్క నగ మీదా ఆయన పేరు లేదు. మిషను ఇంటికొచ్చిన రోజు చుట్టూ ఓసారి తిరిగి చూసి, “దీనికి తిండి ఎవరు పెడతారే?” అన్నారు. తిండి అంటే వెండి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి కొంతకాలమే పట్టింది.

మిషను లేనప్పుడు ఏం చేసేదాన్నంటే, పనివాళ్లందరూ వెళ్లే చోటికే నేనూ వెళ్లేదాన్ని. మన ఊళ్లలో కంసాలి పనివాళ్లుండే ప్రతి సందులోనూ ఒక రోలింగ్ షాపు ఉంటుంది. కరెంటు మోటారుతో నడిచే పెద్ద మిషను. కడ్డీ ఇస్తే కావలసిన మందానికి రేకు తీసిస్తారు, తూకాన్ని బట్టి కూలి. చాలా మంచి ఏర్పాటు. మీకు కావలసింది నున్నటి రేకు, నున్నటి తీగ మాత్రమే అయితే ఈ సమీక్ష ఇక్కడితో ఆపేసి అక్కడికే వెళ్లండి. చేతి మిషను మీకు దండగ.

నా గొడవ వేరు. నేను నరసాపురం లేసు అచ్చు వెండి మీద తీయాలనుకున్నాను. సందులో రోలింగ్ షాపు బాబాయి గారికి ఆ లేసు ముక్క చూపిస్తే ఆయన దాన్ని చూసినట్టు లేదు, నన్ను చూశారు. “నా రోలర్ల మీద గుడ్డ పెడతానంటావేంటమ్మా?” అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. ఆయన రోలరు అద్దంలా ఉంటేనే నలుగురూ వస్తారు, దాని మీద చిన్న గీత పడినా ఆ గీత రేపు అందరి రేకుల మీదా కనిపిస్తుంది. ఇంకొకరి అన్నం గిన్నెలో మనం ప్రయోగాలు చేయకూడదు. అందుకే కొన్నాను. సొంతంగా పాడుచేసుకోవడానికి ఒక మిషను కావాలి నాలాంటివాళ్లకి, అంతే.

ఇప్పుడు ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే మిషను సత్తా తెలిసేది అక్కడే.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు క్రోషా సూదితో అల్లే లేసు తెలిసిందే. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను పెద్ద టేబుల్ క్లాతుల జోలికి పోను, మిగిలిపోయిన ముక్కలు కొంటాను. ఒకసారి రోలర్లో పడ్డ లేసు మళ్లీ పనికిరాదు మరి.

925 వెండి (వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి) రేకుని ముందు నున్నగానే 0.8 మిల్లీమీటర్ల దాకా దించుతాను. తర్వాత గదిలో లైటు ఆర్పి, మంట మీద మసక ఎరుపు కనిపించేదాకా కాల్చి, నీళ్లలో ముంచి, చింతపండు నీళ్లలో మరిగించి, కుంకుడు రసంతో తోమి, పొడిబట్టతో తుడిచి, మళ్లీ గోరువెచ్చటి పెనం మీద ఆరబెడతాను. తడి ఇసుమంతైనా ఉండకూడదు. ఆ రేకు మీద లేసు పరిచి, దాని పైన పలచటి రాగి రేకు మూసి, మూడూ కలిపి రోలర్ల మధ్యకి ఇస్తాను. మరలు ఎంత బిగించాలంటే, పిడి మీద నా బరువంతా వేస్తేనే కదలాలి. మొదలెట్టాక ఆగకూడదు. మధ్యలో చెయ్యి మార్చుకున్నారో, ఆగిన చోట అడ్డంగా ఒక గీత పడుతుంది, ఇక అది పోదు. రెండోసారి వేయకూడదు కూడా. అచ్చు మీద అచ్చు పడి అలికేసినట్టవుతుంది.

అవతల పక్కకి వచ్చాక రాగి రేకు ఎత్తితే లేసు కాగితంలా అతుక్కుని ఉంటుంది. గోటితో లాగితే పొరలా ఊడి వస్తుంది. కింద వెండి మీద పువ్వు, పువ్వు చుట్టూ గొలుసు కుట్టు, ఆ కుట్టులో నూలు పేట మెలితిరిగిన వాటం కూడా దిగి ఉంటుంది. అది చూసినప్పుడు మా నాన్న జేబులోంచి కళ్లజోడు తీశారు. ఆయన ఏమీ అనలేదు గానీ, మర్నాడు నన్నడక్కుండా ఇంకో లేసు ముక్క వేసి చూసుకున్నారు.

ఒక తిరకాసు ఉంది. రోలర్లో పల్చబడే రేకు సాగేది పొడవుకే గానీ వెడల్పుకి కాదు. 0.8 నుంచి 0.7కి దిగితే పొడవు ఏడో వంతు పెరుగుతుంది, దాంతోపాటు లేసు పువ్వూ సాగుతుంది. గుండ్రటి పువ్వు కోడిగుడ్డు అవుతుంది. అందుకే దింపాల్సిన మందం చాలావరకు ముందే నున్నగా దించేసుకోవాలి, అచ్చుకి కొంచెమే మిగల్చాలి. ఇంకా సాగితే సాగనివ్వండి, ఆ సాగుడు చెవి పొడవునే వచ్చేలా కమ్మ కోయండి. మెడలో బిళ్లకైతే నాకు ఆ కోడిగుడ్డు ఆకారమే నచ్చుతోంది.

ఇక డబ్బు మాట. సొంత పేరు మీద నగలు చేసేవాళ్లందరికీ తెలిసిన ప్రశ్న ఒకటుంది. ఎగ్జిబిషన్లో స్టాలు ముందు ఆగి, నగ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, “గ్రాము ఎంతండీ?” అంటారు. తరుగెంత, మజూరీ ఎంత, అరువు లేదా. మనవాళ్ల తప్పు కాదు, నగ అంటే లోహం అనే అలవాటు. నున్నటి దిద్దులు పెట్టినంతకాలం నాకూ గ్రాము లెక్కే దిక్కయింది, మజూరీ దగ్గర బేరం, చివరికి షాపువాడికంటే తక్కువ మిగులు. లేసు అచ్చు దిద్దులు పెట్టాక ప్రశ్న మారింది. “ఇది మా అమ్మమ్మ అల్లేది” అని మొదలుపెడతారు పశ్చిమ గోదావరి వాళ్లు. గ్రాముల మాట రాదని కాదు, చివర్లో వస్తుంది. నేను జతకింత అని రాసి పెడతాను, బిల్లులో మూడు శాతం జీఎస్టీ విడిగా చూపిస్తాను, బరువు అడిగితే చెబుతాను. ఈ ఒక్క మార్పు మిషను ఖరీదు తీర్చేసింది.

మందం చేతిలో ఉండటం కూడా చిన్న విషయం కాదు. మూడు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు రేకు 0.8 మందంలో దాదాపు ఐదు గ్రాములు తూగుతుంది, 0.6లో నాలుగు గ్రాముల లోపే. జతకి రెండు గ్రాముల పైన తేడా. చెవి తమ్మెలు సాగిపోతున్నాయని జుంకాలు మానేసిన పెద్దావిడలు నా దగ్గర కొంటున్నది ఆ రెండు గ్రాముల వల్లే.

చదరం రేకులోంచి గుండ్రటి బిళ్ల కోస్తే ఐదో వంతుకి పైగా ముక్కల్లో పోతుంది. 2025లో వెండి కిలో లక్ష దాటాక ఆ ముక్కల్ని ఎవరికో తక్కువకి ఇచ్చేయడం మనసొప్పదు. ఇప్పుడు మూసలో వేసి, కాస్త వెలిగారం చల్లి, కరిగించి కడ్డీ పోసి, మళ్లీ రేకు తీసుకుంటున్నాను. ఇక్కడ ఒక్క జాగ్రత్త. మాటు, అంటే అతుకు పెట్టే లోహం, పడిన ముక్కల్ని వీటితో కలపకండి. నాన్న చేసే మాటు వెండిలో ఇత్తడి కలిపి కరిగించినదే, అది కలిస్తే 925 కాస్తా కిందికి జారుతుంది, చూపుకి తెలియదు. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి హాల్‌మార్కుకి కూడా హెచ్‌యూఐడీ వచ్చింది, అంటే ఒక్కో నగకి విడిగా ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్. తప్పనిసరి కాదు గానీ కొనేవాళ్లు ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి చూసుకునే రోజులు. అక్కడ తప్పితే పోయేది నా పేరు. అందుకని నా బల్ల మీద రెండు డబ్బాలు వేరువేరుగా ఉంటాయి, మాటు ముక్కల డబ్బాకి ఎర్ర టేపు చుట్టాను.

మిషను లోపాలకి వద్దాం, ఉన్నాయి మరి. పెట్టెలోంచి తీసినప్పుడు రోలర్లు సమంగా లేవు. రేకు ఎడమ అంచు 0.82, కుడి అంచు 0.9 వచ్చింది, బయటికొచ్చేటప్పుడు అరటి దొన్నెలా వంగి వచ్చింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే “కొత్తలో అలాగే ఉంటుంది, వాడగా వాడగా సర్దుకుంటుంది” అన్నారు. ఇనుము సర్దుకోదండీ. చివరికి సరిచేసింది మా ఆటోనగర్ మెకానిక్ అన్న. పైన నడిమి పళ్లచక్రం విప్పి, రెండు పక్కల మరల్నీ విడివిడిగా తిప్పి పై రోలరుని కింది దానికి సమంగా ఆనేదాకా దించి, మళ్లీ చక్రం వేశాడు. చూశాక ఎవరైనా చేసుకోగలిగే పనే, కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పెట్టెలో పడేయడానికి కంపెనీకి ఏం ఖర్చయ్యేదో తెలీదు.

పక్క పళ్లచక్రాలకి మూత లేదు. చున్నీ వేసుకుని తిప్పేవాళ్లు, జడ ముందుకు వేసుకునేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నేను రేకు వంచి సొంతంగా డొప్ప చేయించాను. రంగు లేచిపోతోంది, అది పెద్ద సంగతి కాదు. పక్కన ఉంగరాల కోసం అర్ధచంద్రం గాడులున్న చిన్న రోలరు అదనంగా ఇచ్చారు, దాని పైదీ కిందదీ ఒకదానికొకటి కలవవు. అది ఉందని మర్చిపోయాను.

తీగ వైపు పర్లేదు. నాలుగు పలకల తీగ వస్తుంది, ప్రతి పట్టుకీ తీగని పావు వంతు తిప్పకపోతే అంచున రెక్క లేచి తర్వాతి పట్టులో లోపలికి మడత పడుతుంది, అక్కడే రేపు విరుగుతుంది. గుండ్రటి తీగకి మాత్రం ఇప్పటికీ నాన్న కమ్మచ్చే, అదే తీగ లాగే చిల్లుల పలక. మిషనులో లావు తగ్గించి, కమ్మచ్చులో లాగుతాం.

కృష్ణా ఒడ్డున వానాకాలం ఈ మిషనుకి శత్రువు. సాయంత్రం రోలర్లు తుడిచి పల్చగా నూనె రాయకపోతే పొద్దునకి ఎర్రటి చుక్కలు. ఆ చుక్క తుడిస్తే పోతుంది గానీ దాని గుంట పోదు. ఇనుప జల్లెడ, స్టీలు తీగ, ఇసుక కాగితం వీటిని నేరుగా రోలర్ల మధ్య పెట్టకండి, ఇత్తడి జల్లెడైతే పర్వాలేదు. టేబుల్ మీద బిగించకండి, టేబుల్ మీతోపాటే తిరుగుతుంది. నాది నడుం ఎత్తున్న తుమ్మ మొద్దు మీద నాలుగు బోల్టులతో ఉంది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర పోయింది మూతకీ, కాగితానికీ, ఆ ఉంగరాల రోలరుకీ.

కొనేవాళ్లు ఫోటో చూసి తెప్పించుకోవద్దు, షాపుకి వెళ్లండి. వెళ్లేటప్పుడు కాల్చి మెత్తబరిచిన రాగి పట్టీలు రెండు, మందం కొలిచే వెర్నియరు ఒకటి తీసుకెళ్లండి. రోలర్లు పూర్తిగా దగ్గరికి దించి వెనక నుంచి ఫోన్ లైటు వేయండి, సందులో వెలుగు ఒక పక్కే కనిపిస్తే పైనున్న మరలు తిప్పి సర్దమనండి. నడిమధ్య మాత్రమే కనిపిస్తే రోలరే అరిగింది, దాన్ని ఎవరూ సర్దలేరు. తర్వాత ఒక పట్టీ ఎడమ అంచున, ఇంకోటి కుడి అంచున వేసి తీసి రెండూ కొలవండి. గోటి కొన రోలరు మీద అడ్డంగా లాగితే ఎక్కడా తగలకూడదు. ముక్క పెట్టి చూడనివ్వం, కొత్త సరుకు పాడవుతుంది అన్నారంటే పక్క షాపుకి వెళ్లండి.