కవిటి కురిడీలు, కోసేసిన తాళం

మా పెట్టె తాళం ఎవరు కోశారో ఇప్పటికీ తెలీదు. తెలిసుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని, ఇలా రాయడానికి కూర్చునేదాన్ని కాదు.

రథసప్తమి వెళ్లిన వారానికి అమ్మాయి పురిటికని నేనూ మా ఆయనా అమెరికా బయల్దేరాం. శ్రీకాకుళంలో టికెట్లు తీసిచ్చినాయన "మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి ఇరవై మూడు కిలోలు" అన్నాడు. అంతే. ఏం పెట్టకూడదో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. తూకం మాత్రం మహా శ్రద్ధగా వేశాం. ₹650 పెట్టి చేతికాటా కొని, ఆయన పెట్టె ఎత్తడం, నేను అంకె చదవడం. పలాస జీడిపప్పు మూడు కిలోలు, అల్లుడికి పొందూరు ఖద్దరు పంచెలు, నిరుటి ఆవకాయ రెండు డబ్బాలు, సున్నుండలు, బుడితి ఇత్తడి కుందులు జత. వీటన్నిటి మధ్యా కవిటి నుంచి మా పెదమావయ్య పంపిన పద్దెనిమిది కురిడీలు. ఉద్దానం ఎండుకొబ్బరి, చిప్ప విరిస్తే వేళ్లకి నూనె అంటుతుంది. బాలింతకి కొబ్బరికారం ఆ కొబ్బరితో చేస్తేనే కారం అని మావయ్య నమ్మకం. ఇవి చాలవన్నట్టు మా అత్తగారు అరసవల్లి ప్రసాదం మూటలో హారతి కర్పూరం పొట్లం ఒకటి దూర్చారు. నాకు మాట మాత్రం చెప్పలేదు.

విమానం విశాఖలో పొద్దున్న ఏడింటికి. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి, తెల్లారగట్ల బయల్దేరితే మంచులో ఏమవుతుందోనని ముందురోజు సాయంత్రమే వెళ్లిపోయాం. టాక్సీ ₹3,400, నాతవలస టోలు మన జేబులోంచే. భోగాపురం దాటుతుంటే డ్రైవరు అప్పటికింకా మొదలవని కొత్త విమానాశ్రయం వైపు చెయ్యి చూపించి "ఇదుంటే మీకు నాలాంటోడితో ఇంత పనుండదమ్మా" అన్నాడు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గదికి ₹1,900. వేడినీళ్లు ఎప్పుడొస్తాయంటే ఆరు తర్వాతన్నారు. నాలుగింటికి లేవాల్సినవాళ్లకి ఆ గది ఎందుకిచ్చారో మరి. చన్నీళ్లు పోసుకుని మా ఆయన ముఖం మాడ్చుకున్నారు. బయట బండి మీద ₹30 ప్లేటు ఇడ్లీ తిన్నాక గాని మాట పెగల్లేదు. ఆ ఇడ్లీ మాత్రం దూదే.

కౌంటర్లో అమ్మాయి బొమ్మల కాగితం చూపించి "ఇందులో ఉన్నవేవీ లేవు కదా?" అంది. గ్యాసుబండ, టపాకాయలు, తుపాకీ. మా దగ్గర తుపాకీ ఎందుకుంటుంది, లేవన్నాం. కొబ్బరి బొమ్మ ఉందేమో నేను చూళ్లేదు. ఉన్నా దాన్ని చూసే బుద్ధి ఆ నిద్రమత్తులో ఎక్కడిది?

పెట్టెలు బెల్టు మీద లోపలికి వెళ్లాయి, మేం లోపల కుర్చీల్లో కూలబడ్డాం. పావుగంటకి మైకులో ఏదో పేరు. రెండోసారి పిలిస్తే గాని అది మా ఆయన పేరని పోల్చుకోలేకపోయాను. ఆయనేమో అప్పుడే బాత్రూముకి వెళ్లారు. నేనొక్కదాన్నే లేచి నిలబడ్డాను. చుట్టూ అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది, దొంగసరుకుతో దొరికినదాన్నైనట్టు.

ఆయన వచ్చాక ఇద్దర్నీ పెట్టెలు పరీక్ష చేసే గదికి తీసుకెళ్లారు. మా నీలం పెట్టె బల్ల మీద బోర్లా పడి ఉంది. తెరవమన్నారు. మూడంకెల తాళం, అంకె పెట్టింది మా ఆయన. మా పెళ్లి తేదీ పెట్టానన్నారు. పెట్టి చూస్తే రాదు. ముప్ఫై ఏళ్ల కాపురం తర్వాత మా పెళ్లి తేదీ ఆయనకి ఒకరోజు అటూ ఇటూ అని ఆ గదిలో నలుగురి ముందూ తేలింది. నేను సరైనది తిప్పితే తాళం వచ్చింది. విమానం ఎక్కేదాకా ఆయనతో మాట్లాడలేదు.

తనిఖీ చేసిన కుర్రాడు "మాది పాలకొండేనండి" అని మొదలెట్టాడు. చేతులకి తొడుగులు వేసుకుని, ఒక్కో పొట్లం మమ్మల్ని అడిగి తీశాడు. తెర మీద మా పెట్టె బొమ్మ కూడా చూపించాడు. తిండీ బట్టా నారింజ రంగులో, ఇనుమూ ఇత్తడీ నీలంలో కనిపిస్తాయట. మా కుందులు చిక్కటి మచ్చలా ఉన్నాయి, వాటి వెనకాల ఏముందో యంత్రానికి అందదు. పక్కనే గుండ్రటి కురిడీల వరస, వాటి కింద వైర్లూ బ్యాటరీలూ. చూస్తే నాకే గుండె ఝల్లుమంది. ఆ బ్యాటరీలు మా ఆయన పవర్‌బ్యాంకు. అది చేతిసంచిలోనే ఉండాలి, కింద వేసే పెట్టెలో పెట్టకూడదు. అంటుకుంటే పైన మనుషులు చూసి ఆర్పగలరు, కింద ఎవరుంటారు? 20,000 ఎంఏహెచ్‌ది అంటే 74 వాట్‌అవర్లు. నూరు లోపు కాబట్టి చేతిలో పట్టుకెళ్లొచ్చని తీసి ఇచ్చేశాడు. కర్పూరం బుట్టలో పడేశాడు. తర్వాత కురిడీలు.

"ఇవి కూడానా?" అన్నాను.

"ఎండుకొబ్బరి పెట్టెలో వెళ్లకూడదమ్మా. నూనె ఎక్కువ, తనంతట తనే వేడెక్కుతుంది. ప్రపంచమంతా అంటుకునే సరుకుల జాబితాలో ఉందది."

తర్వాత మా అల్లుడు చూసి చెప్పాడు, నిజమే. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో ఎండుకొబ్బరికి ఏకంగా ఒక నంబరే ఉంది, 1363. తనంతట తాను అంటుకునే రకమని 4.2 తరగతి. పద్దెనిమిది కాయలూ ఆ బుట్టలో పడ్డాయి. అందులో అప్పటికే ఎవరివో లైటర్లు, అగ్గిపెట్టెలు, ఇంకెవరివో కురిడీలు. ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు "కొబ్బరికాయేటి, బాంబేటి! ఆళ్లకి కళ్లు లేవా?" అన్నారు. కర్పూరం ఊసు ఎత్తలేదు.

ఇంత జరిగినా ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కళ్లెదుట తీశాడు, ఎందుకో చెప్పాడు, సున్నుండల డబ్బా మూత మళ్లీ గట్టిగా బిగించి పెట్టాడు. కోపమల్లా టికెట్లాయన మీదా, కౌంటర్లో కాగితం ఊపిన అమ్మాయి మీదా. "కొబ్బరి, కర్పూరం, పవర్‌బ్యాంకు" అని మూడు మాటలు తెలుగులో అడిగితే ఏం పోయింది?

అమెరికాలో మూడు నెలలు బాగానే గడిచాయి. మనవరాలు పుట్టింది.

తిరుగు ప్రయాణంలోనే అసలు నష్టం. అక్కడ విమానంలో వేసే ప్రతి పెట్టెనీ యంత్రంలో పంపుతారు, అనుమానం వస్తే మనం లేకుండానే తెరుస్తారు. తెరిచాక లోపల ఒక చీటీ పెడతారు. ఎర్ర డైమండు గుర్తున్న తాళమైతే వాళ్ల దగ్గరున్న తాళంచెవితో తీసి మళ్లీ వేస్తారు. మామూలు తాళమైతే కోసేస్తారు, దానికి పూచీ లేదని చీటీలోనే ఉంటుంది. ఈ సంగతి తెలిసి అమ్మాయి తొమ్మిది డాలర్లు పెట్టి ఎర్ర గుర్తు తాళం ఒకటి కొంది. రెండోది కొంటానంటే మా ఆయన "ఇంట్లోంచి తెచ్చింది ఉందిగా" అన్నారు. ఆయన పొదుపు అలాంటిది.

హైదరాబాదులో పెట్టెలు దిగాయి. ఎర్ర గుర్తు పెట్టెలో చీటీ, బట్టలు మడత చెదరలేదు. రెండోదానికి తాళమే లేదు, గొళ్లెం వంగిపోయి ఉంది. లోపల చీటీ లేదు, మా మరిదికని 65 డాలర్లకి కొన్న చేతిగడియారం లేదు. అక్కడ కోశారో, మధ్యలో దిగిన చోట కోశారో, మన గడ్డ మీదే ఎవరైనా చెయ్యి పెట్టారో! చీటీ ఉంటే అడగడానికి ఒక దిక్కుండేది.

అక్కడే కౌంటర్లో రాయించాలన్నాను. విశాఖ విమానానికి గంటన్నరే ఉంది. ఆయన "పోనీవే, గడియారమేగా" అని లాక్కొచ్చారు. ఇంటికొచ్చి విమానసంస్థకి మెయిల్ పెడితే, పెట్టెలు దిగే హాలు దాటకముందు ఎందుకు చెప్పలేదని ఎదురు ప్రశ్న. పెట్టె దెబ్బతింటే చేతికందిన ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పొచ్చని అంతర్జాతీయ ఒప్పందంలో ఉందని అల్లుడు రాశాడు. మేం మూడో రోజునే పెట్టాం. అయినా గొళ్లేనికి పైసా రాలేదు, గడియారం సంగతి సరేసరి. ఆ పెట్టెకి శ్రీకాకుళంలో కొత్త గొళ్లెం వేయించడానికి ₹350 అయింది.

ఎవరైనా వెళ్తుంటే ఒక్కమాట. తాళం కోసి ఉంటే ఎంత ఆలస్యమైనా ఆ హాల్లోనే కాగితం రాయించి, నకలు తీసుకుని కదలండి. మొగుడి మాట వినకండి. సర్దుతున్నప్పుడు పెట్టె లోపల ఫొటో తీసుకోండి. ఇత్తడి సామాను అడుగున కాకుండా పైన పెట్టండి, తియ్యమంటే పెట్టంతా కెలకక్కర్లేదు. పసుపూ కారం చేతిసంచిలో పెట్టొద్దు, అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడి చేతిలో ఉంటే పేచీయే. ఆవకాయ మాత్రం కింది పెట్టెలో దర్జాగా వెళ్లింది, ఒక్క చుక్క కారలేదు.

మొన్న కవిటి వెళ్లినప్పుడు పెదమావయ్యకి ఈ కథంతా చెప్పాను. ఎండుకొబ్బరి వేడెక్కుతుందట అని నవ్వబోతే ఆయన నవ్వలేదు.

"ఎక్కదేటి! సరిగ్గా ఎండనిది బస్తాల్లో కుక్కేసి చూడు, లోపల చెయ్యెట్టలేవు. అందుకే మేం తిరగేస్తుంటాం."

"మరి తెలిసుండీ విమానంలోకి ఎందుకు పంపావు మావయ్యా?"

"ఒళ్లో ఎట్టుకుని కూకుంటావనుకున్నానే అమ్మీ!"