డేటా పంపొద్దని టిక్ తీసేశాక నాలుగేళ్లు

ఇంట్లో మీడియా సర్వర్ పెట్టుకుని నాలుగేళ్లు దాటింది. పాత డీవీడీలు, పెళ్లి వీడియోలు, నాన్న టేపుల నుంచి ఎక్కించిన పాటలు అన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లో వేసి టీవీలో, ఫోన్లలో చూసుకోవాలని పెట్టాను. ఫైళ్లు నావి, డిస్క్ నాది, వైఫై నాది. మేం ఏం చూస్తున్నామో బయటివాళ్లకు తెలిసేదేముందిలే అనుకున్నాను. ఇన్‌స్టాల్ అయిన మొదటి నిమిషంలోనే అది ఈమెయిల్ ఇచ్చి అకౌంట్ తెరవమంది. పక్కగదిలోని డిస్క్‌లో ఉన్న వీడియో చూడ్డానికి ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌లో లాగిన్ ఎందుకని అప్పుడు తోచలేదు. సెట్టింగ్స్‌లో ‘వాడకం వివరాలు పంపు’ అన్నదానికి ముందుగానే టిక్ పెట్టి ఉంది. తీసేసి, సేవ్ నొక్కి, పని అయిపోయిందనుకున్నాను.

ఈ సమీక్ష ఆ టిక్ గురించే. మొదటి రెండున్నరేళ్లు వాడిన సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. ఈ కోవలోవి చాలావరకు ఇంచుమించు ఇలాగే ఉంటాయి, పేరు చెబితే మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. తర్వాతి ఏడాదిన్నరగా జెల్లీఫిన్ అనే ఇంకో మీడియా సర్వర్ వాడుతున్నాను, దాని సంగతి చివర్లో.

ముందు తెలిసింది, ఆ టిక్ ఒక్కటి కాదని. సర్వర్ సెట్టింగ్స్‌లో ఒకటి, కంపెనీ వెబ్‌సైట్‌లో నా అకౌంట్ పేజీలో ఇంకొకటి, ఫోన్ యాప్‌లో ఒకటి, టీవీ యాప్‌లో ఒకటి. టీవీ యాప్‌లో అది ప్రైవసీ కింద కూడా లేదు, ‘సహాయం’ అన్న మెనూలో అట్టడుగున ఉంది. అన్నీ వెతికి తీసేయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఒకేసారి ఆరు నెలలు కూర్చున్నానని కాదు, ఒక్కోటి ఉన్నట్టు తెలియడానికే అంత కాలం పట్టింది. ఫోన్ మార్చి యాప్ మళ్లీ వేస్తే టిక్ మళ్లీ పెట్టే ఉంది. ఒక పెద్ద అప్‌డేట్ తర్వాత కొత్త పేరుతో కొత్త టిక్ వచ్చి చేరింది, అదీ ముందే పెట్టి. నేను వద్దన్నది పాతదాన్ని మాత్రమేనట! యూరప్‌లో ముందే టిక్ పెట్టి ఉంచిన గడిని ఒప్పుకోలుగా లెక్కించకూడదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2019లో తేల్చింది. ఆ తీర్పు వచ్చింది వెబ్‌సైట్లు పెట్టే కుకీల కేసులో అనుకోండి. ఆ స్ఫూర్తి నా టీవీ దాకా రాలేదు.

ఏడాది తిరిగాక, వేరే పని మీద, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొని అందులో పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. అసలు ఉద్దేశం ప్రకటనలు ఆపడం. ఇంట్లో ఏ పరికరం ఏ సర్వర్ అడ్రస్ అడుగుతోందో అది వరసగా రాసి పెడుతుంది. ఒక పొద్దున లేచి రాత్రి లాగ్ చూస్తే, అందరం పడుకున్న వేళలో టీవీ నిమిషాల తేడాతో ఏవేవో అడ్రస్‌లు అడుగుతూనే ఉంది. మీడియా సర్వర్ కూడా. టిక్‌లన్నీ తీసేసిన తర్వాతి సంగతి ఇది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. డీఎన్‌ఎస్ అంటే సర్వర్ పేరు ఇస్తే దాని నంబరు చెప్పే ఫోన్ డైరెక్టరీ లాంటిది. దాని లాగ్‌లో ఎవరికి ఫోన్ చేశారో తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. ఆ అడ్రస్ అప్‌డేట్ ఉందా అని అడగడానికో, టైమ్ సరిచేసుకోవడానికో కావచ్చు. పై-హోల్ చూపించే ‘ఆపినవి’ అంకెను చూసి హడలిపోవడం కూడా తప్పే. జవాబు రాకపోతే యాప్ మళ్లీ మళ్లీ అడుగుతుంది, దాంతో ఆ అంకె ఉబ్బిపోతుంది. మొదటి వారం ఆ అంకెను స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్‌కు పంపి గొప్పలు పోయాను, తర్వాత సిగ్గేసింది. పైగా కొన్ని పరికరాలు రూటర్ చెప్పిన డీఎన్‌ఎస్‌ను లెక్కచేయవు. తమలో ముందే రాసి పెట్టుకున్న అడ్రస్‌నే అడుగుతాయి. వాటిని రూటర్‌లో విడిగా దారి మళ్లించాల్సి వచ్చింది.

అప్పుడు కూర్చుని ప్రైవసీ పాలసీ మొత్తం చదివాను. అది ముందే చదవాల్సింది. నేను తీసేసిన టిక్ ఆపేది ఒక్క రకం సమాచారాన్నే: ప్లే చేసిన వీడియో రకం, రెజల్యూషన్, ఎంతసేపు నడిచింది, ఏ పరికరం మీద. యాప్ కూలిపోతే వెళ్లే క్రాష్ రిపోర్ట్ వేరు. లాగిన్ అయినప్పుడల్లా వెళ్లే పరికరం పేరు, ఐపీ అడ్రస్ వేరు. అవి ‘సేవ నడవడానికి అవసరం’ అన్న పద్దు కింద ఉన్నాయి. కంపెనీ సొంతంగా ఇచ్చే ఉచిత సినిమాలు, ఛానెళ్లు చూస్తే వాటితో వచ్చే ప్రకటనల లెక్క మరోటి. వీటిలో ఏవీ నేను తీసిన టిక్‌కు సంబంధించినవి కావు.

అందులో పోస్టర్ల సంగతి నాకసలు తట్టలేదు. డిస్క్‌లో కొత్త ఫైల్ వేయగానే దాని పోస్టర్, నటుల పేర్లు, కథ అన్నీ చక్కగా వచ్చి కూర్చుంటాయి కదా, అవి ఎక్కడినుంచి వస్తున్నాయి? ఫైల్ పేరులోంచి సినిమా పేరు, సంవత్సరం తీసి బయటి డేటాబేస్‌ను అడిగితేనే వస్తాయి. అంటే నా దగ్గర ఏమేం ఉన్నాయో చెప్పుకోకుండా పోస్టర్ రాదు. కుట్ర ఏమీ లేదు, అది పనిచేసే పద్ధతే అంత. కానీ ‘డేటా పంపొద్దు’ అని నొక్కినవాడికి ఇది గుర్తుకు రాదు. పెళ్లి వీడియోల ఫోల్డర్‌కు కూడా అది సినిమా పేర్లు వెతికి, మా బాబాయి పెళ్లికి ఎవరో విదేశీ నటుడి పోస్టర్ తగిలించింది. నవ్వుకున్నాం గానీ, బాబాయి పేరుతో ఉన్న ఫైల్ పేరు బయటికి వెళ్లి వచ్చిందన్నమాటే. ఆ ఫోల్డర్‌ను ‘సొంత వీడియోలు’ రకంగా మార్చి, వెతకడం ఆపేశాక ఆ బాధ తప్పింది.

వీడియో పేరు పంపకుండా నిడివి, బిట్‌రేట్ (సెకనుకు ఎంత డేటా) మాత్రమే పంపితే నష్టమేంటని నన్ను చాలామంది అడిగారు. సరిగ్గా ఈ గొడవే 2017 ఆగస్టులో ప్లెక్స్ అనే మీడియా సర్వర్ విషయంలో జరిగింది. వాడకం వివరాలు పంపకుండా ఆపుకునే వీలు తీసేస్తున్నామని ఆ కంపెనీ కొత్త పాలసీలో చెప్పింది. వాడేవాళ్లు భగ్గుమన్నారు. నిడివి, బిట్‌రేట్ లాంటివి కచ్చితంగా తెలిస్తే అది ఏ ఫైలో పోల్చుకోవచ్చన్నది వాళ్ల అభ్యంతరం. రోజుల వ్యవధిలోనే కంపెనీ సర్దుకుంది. ఆ అంకెలను కచ్చితంగా కాకుండా సుమారు అంకెలుగా మార్చి తీసుకుంటామని, ప్లేబ్యాక్ లెక్కలు ఆపుకునే వీలు ఉంచుతామని చెప్పింది. అడిగితే దిగొస్తారనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే.

పేర్లు తీసేస్తే చాలనుకునేవాళ్లకు చెప్పే ఉదాహరణ ఇంకా పాతది. 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ కోసం దాదాపు 5 లక్షల మంది సభ్యులు ఇచ్చిన 10 కోట్ల రేటింగ్‌లను, పేర్లు తీసేసి, అందరికీ ఇచ్చింది. ఒక మనిషి ఇచ్చిన 8 రేటింగ్‌లు, అవి ఇచ్చిన తేదీలు సుమారుగా తెలిస్తే చాలు, రెండు రేటింగ్‌లు పూర్తిగా తప్పయినా, తేదీలు రెండు వారాలు అటూఇటూ అయినా, ఆ గుంపులో 99 శాతం మంది రేటింగ్‌ల వరసలను విడిగా పట్టుకోవచ్చని నారాయణన్, ష్మాటికోవ్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో చూపించారు. మనం చూసే సినిమాల వరస మన చేతిరాత లాంటిది.

టీవీ సంగతి మీడియా సర్వర్ కంటే ఘోరం. సర్వర్‌లో ఎన్ని టిక్‌లు తీసినా, బొమ్మ చివరికి పడేది ఆ తెర మీదే కదా. చాలా స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ అనే ఏర్పాటు ఉంటుంది. తెర మీద నడుస్తున్న బొమ్మలోంచో శబ్దంలోంచో ముక్కలు తీసి, వాటి ముద్రను కంపెనీ దగ్గరున్న జాబితాతో పోల్చి, ఏం చూస్తున్నామో గుర్తుపడుతుంది. వైర్ పెట్టి కంప్యూటర్ కలిపినా సరే. అమెరికాలో విజియో కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి ఇలా సెకను సెకనుకూ సమాచారం తీసుకుందన్న కేసులో 2017లో 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆ ఏర్పాటుకు సెట్టింగ్స్‌లో పెట్టిన పేరు ‘స్మార్ట్ ఇంటరాక్టివిటీ’. ఆ పేరు చూసి ఎవరైనా ఆపేస్తారా? నా టీవీలోనూ అలాంటి తియ్యటి పేరే ఉంది. మంచి విషయం ఏంటంటే, అది దొరికి ఆపాక నిజంగానే ఆగింది, రాత్రి లాగ్‌లో ఆ అడ్రస్‌లు మాయమయ్యాయి. 2024లో బ్రిటన్, స్పెయిన్, అమెరికా యూనివర్సిటీల పరిశోధకులు రెండు పెద్ద బ్రాండ్ల టీవీలను పరీక్షించినప్పుడు కూడా, వద్దని సెట్ చేశాక ఏసీఆర్ సర్వర్లకు వెళ్లే రద్దీ ఆగిపోయిందని తేలింది. మొత్తం నాలుగేళ్లలో నొక్కిన మీటల్లో నాకు పూర్తి ఫలితం కనబడింది ఈ ఒక్కదానికే. ఒక్కటే ఆపే ఓపిక ఉన్నవాళ్లు ముందు దీన్ని ఆపండి.

ఆ ఉత్సాహంలో కాస్త అతి చేశాను. మీడియా సర్వర్ అడిగే అడ్రస్‌లన్నీ పై-హోల్‌లో మూసేశాను. ఆ సాయంత్రం నేను బయట ఉండగా నాన్న ఫోన్ చేసి, “టీవీలో చక్రం తిరుగుతూనే ఉందిరా, ఇంకెంతసేపు?” అన్నారు. మూసిన వాటిలో లాగిన్ అడ్రస్ కూడా ఉంది. దాన్ని తెరిచాక కూడా యాప్ మొదలవ్వడానికి ముప్పావు నిమిషం పట్టేది. లెక్కలు అందుకునే సర్వర్ జవాబు కోసం ఎదురుచూసి, విసిగి, అప్పుడు మెనూ చూపించేది. నాన్నకు నా ప్రైవసీ గొడవ పట్టదు, ఆయనకు సీరియల్ నిన్న ఆపిన చోటి నుంచి మొదలవ్వాలి. అకౌంట్ పేజీలో చూసినవాటి చరిత్ర పంచుకోవడం ఆపినప్పుడు ఆ ‘ఆపిన చోటు’ కూడా ఒకసారి చెరిగిపోయింది. ఇరవై రోజులు సణిగారు.

ఆ తర్వాతే జెల్లీఫిన్‌కు మారాను. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన కోడ్‌ను బయటివాళ్లు చూడకుండా మూసేసినప్పుడు, అంతకుముందు అందరికీ తెరిచి ఉంచిన పాత కోడ్ తీసుకుని కొందరు 2018 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. ఉచితం. కంపెనీ అకౌంట్ లేదు, యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు నా సర్వర్‌లోనే ఉంటాయి. వాడకం వివరాలు పంపడమే లేదు కాబట్టి తీసేయడానికి టిక్ కూడా లేదు. మొదట్లో అలవాటుకొద్దీ సెట్టింగ్స్ అంతా ఆ టిక్ కోసం వెతికాను. పోస్టర్ల కోసం మాత్రం ఇదీ బయటి డేటాబేస్‌లను అడుగుతుంది. కానీ ఏ ఫోల్డర్‌కు ఎవరిని అడగాలో, అసలు అడగాలో వద్దో విడివిడిగా పెట్టుకోవచ్చు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కు బయటి నుంచి వేసే రహస్య దారి) నేనే పెట్టుకోవాల్సి వచ్చింది, రెండు ఆదివారాలు దానికే పోయాయి. ముందటి దాంట్లో ఒక్క మీటతో అయిపోయే పని అది. అన్ని టీవీలకూ యాప్ లేదు. నా పాత టీవీకి యాప్‌లు నడిపే స్టిక్ ఒకటి విడిగా పెట్టాను, దానికి మళ్లీ దాని సొంత టిక్‌లు! సబ్‌టైటిల్స్ అప్పుడప్పుడు మొండికేస్తాయి. రూపం విషయంలో పాతదే అందంగా ఉండేది, అది ఒప్పుకోవాలి.

అసలు తంటా వేరే వైపు నుంచి వచ్చింది. జెల్లీఫిన్‌లో అడ్మిన్‌ని నేను. డ్యాష్‌బోర్డ్ తెరిస్తే ఎవరు ఏ పరికరం మీద ఏం చూస్తున్నారో, ఎక్కడ ఆపారో కనిపిస్తుంది. అక్క వాళ్లకూ ఒక యూజర్ ఇచ్చాను. ఒకసారి మాటల్లో, “రాత్రి రెండింటిదాకా సినిమా చూశావేంటక్కా, నిద్ర పట్టలేదా?” అన్నాను. మామూలుగానే అడిగాను. అవతల కాసేపు మాట లేదు.

“నీకెలా తెలుసు?” అంది. చెప్పాను. “కంపెనీలు చూస్తున్నాయని రెండేళ్లు మా చెవులు తినేశావు. నువ్వు చేస్తున్నదేంట్రా మరి?”

జవాబు లేదు నా దగ్గర. 1987లో అమెరికాలో రాబర్ట్ బోర్క్ అనే జడ్జిని సుప్రీంకోర్టుకు ప్రతిపాదించినప్పుడు, ఆయన అద్దెకు తెచ్చుకున్న 146 వీడియోల జాబితాను ఒక వారపత్రిక అచ్చేసింది. అందులో తప్పుపట్టేవేమీ లేవు. అయినా ఆ మరుసటి ఏడాదే వీడియో షాపులు అలా జాబితాలు బయటపెట్టకుండా చట్టం తెచ్చారు. ఈ కథ అంతకుముందు అక్కకు నేనే చెప్పాను, కంపెనీల మీద కోపంతో. ఇప్పుడు ఆ షాపు కౌంటర్ వెనక కూర్చున్నది నేనని ఆమె గుర్తు చేసింది.

యాక్టివిటీ లాగ్ ఎన్ని రోజులు ఉంచాలో తగ్గించాను, డ్యాష్‌బోర్డ్ ఊరికే తెరవడం మానేశాను. ఎవరు ఎంతవరకు చూశారన్నది మాత్రం తీసేయలేను, అది లేకపోతే నాన్న సీరియల్ ఆపిన చోటి నుంచి మొదలవ్వదు. ఇదంతా అక్కకు వివరంగా చెప్పాను. సరేలే అంది.

ఈ మధ్య వాళ్లింటికి వెళ్తే టీవీకి ఒక పెన్‌డ్రైవ్ పెట్టి ఉంది. అందులో ఏమున్నాయో నేను అడగలేదు.