పది కంప్యూటర్ల ఆఫీసుకు ఏ ఏఎంసీ? మూడు రకాలూ వాడాక

పది కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ డేటా ఉన్న ఒక మెయిన్ సిస్టమ్. ఈ సైజు ఆఫీసులో కాల్ చార్జీ (పిలిచినప్పుడల్లా డబ్బు), పార్టులతో కలిపిన కాంప్రహెన్సివ్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం), పార్టులు లేని నాన్ కాంప్రహెన్సివ్ ఏఎంసీ మూడూ నడిపి చూశాక మిగిలింది చివరిదే.

నాలుగైదు సిస్టమ్‌లకైతే కాల్ చార్జీ చాలు. అంతకు మించితే దాని లోటు నెలవారీ జీఎస్టీ రిటర్న్ 3బీ గడువైన 20వ తేదీన తెలుస్తుంది: ఆ రోజు టెక్నీషియన్ ముందు ఏఎంసీ వాళ్ల దగ్గరికే వెళతాడు. పైగా వచ్చినంతసేపూ పైపై పనే. డేట్ మారిపోయి జీఎస్టీ సైట్ తెరుచుకోకపోతే డేట్ సరిచేసి డబ్బు తీసుకుంటాడు. మర్నాడు మళ్లీ అదే. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ మారిస్తే పోయేదానికి రెండు విజిట్లు!

కాంప్రహెన్సివ్‌లో పార్టులు వాళ్లవే అంటారు. మినహాయింపుల పేరా చదవండి: యూపీఎస్ బ్యాటరీ, టోనర్, కీబోర్డు, మౌస్ సాధారణంగా అందులోనే ఉంటాయి. మాటిమాటికీ పోయేవీ అవే. యూపీఎస్‌లోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు చేతులెత్తేస్తుంది.

నాన్ కాంప్రహెన్సివ్‌లో పని వాళ్లది, పార్టు మనది. బిల్లు మన పేరున ఉంటుంది కాబట్టి వారంటీ కూడా మనదే. ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, రాకుండా దూరం నుంచే ఎనీడెస్క్ సాఫ్ట్‌వేర్‌తో చేసింది కాల్ కింద లెక్కా కాదా, సిస్టమ్ తీసుకెళితే బదులుగా స్టాండ్‌బై సిస్టమ్ ఇస్తారా, చెప్పిన రేటు మీద 18 శాతం జీఎస్టీ అదనమా అన్నవి కాగితం మీద రాయించుకోవాలి.

ఏ రకమైనా తేడా తెలిసేది బ్యాకప్‌లో. ఎక్స్‌టర్నల్ డిస్కు ఎప్పుడూ తగిలించి ఉంచితే ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేస్తుంది. రెండు డిస్కులు వారం మార్చి వారం వాడాలి, ఆ వారం వాడనిది ఇంటికి పోవాలి. ఇంకో చిక్కుంది. ట్యాలీ డేటాను సీ డ్రైవ్ నుంచి డీకి మార్చినా బ్యాకప్ మాత్రం పాత ఫోల్డర్‌నే కాపీ చేస్తూ ఉంటుంది. నెలకోసారి వేరే సిస్టమ్‌లో కొత్త ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేయించి, నిన్నటి వోచర్ కనిపిస్తోందో లేదో చూడాలి.

ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికని రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేసేవాళ్లున్నారు. మూయించండి. రౌటర్, అడ్మిన్, డొమైన్ పాస్‌వర్డులు యజమాని దగ్గరే ఉండాలి.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగింది. దాంతో కొత్త సిస్టమ్‌ల కొటేషన్ వస్తుంది. ఇంటెల్ 8వ తరం లేదా ఆపైదైతే ముందు బయోస్‌లో విండోస్ 11 అడిగే టీపీఎం సెక్యూరిటీని ఇచ్చే పీటీటీ సెట్టింగ్ ఆఫ్‌లో ఉందేమో చూడమనండి. చాలాసార్లు అది ఆన్ చేస్తే విండోస్ 11 ఎక్కుతుంది.

నాన్ కాంప్రహెన్సివ్‌కు అయిదుకు నాలుగిస్తాను. తగ్గిన ఆ ఒకటి మూణ్నెల్లకోసారి చేయాల్సిన సర్వీసుకు. క్యాబినెట్ తెరవకుండా, బ్లోయర్ కొట్టకుండా, రిపోర్టు మీద సంతకం అడుగుతారు.