గురుకులమా, ఊరి బడా?

పిల్లలు నాలుగో తరగతిలో ఉండగానే పాలమూరు ఇళ్లలో ఈ టెన్షన్ మొదలవుతుంది. గురుకులంలో ఐదో తరగతి సీటుకు ప్రవేశ పరీక్ష రాయాలి. సీటొస్తే చదువు, తిండి, వసతి అన్నీ ఉచితం. అమ్మానాన్నలు పనికోసం వలస పోయే ఇంటికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించదు. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన పద్ధతే ఇది. కాకపోతే అంత చిన్న వయసులో ఇల్లు వదలాలి. జ్వరమొస్తే అమ్మ పక్కన ఉండదు.

ఊరి సర్కారు బడికి పరీక్ష లేదు. మధ్యాహ్న భోజనం ఉంది, 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియమూ వచ్చింది. మీడియం సంగతి సరే, లెక్కలకు, సైన్స్‌కు టీచర్లున్నారా? అది ముందే వెళ్లి కనుక్కోండి. ఉంటే, మీరు ఊళ్లోనే ఉంటే, నేనైతే ఊరి బడే అంటాను.