పాత కంపెనీకే మళ్లీ వెళ్లడమా, కొత్తదాంట్లో చేరడమా?

హైటెక్ సిటీలో ఐటీ ఉద్యోగం మానేసిన ఏడాదిన్నరకి పాత మేనేజర్ ఫోన్ చేసి "మళ్లీ వచ్చేయరాదూ" అన్నారనుకోండి. అదే వారం కొత్త కంపెనీ ఆఫర్ కూడా చేతికొచ్చింది. ఏది మేలు?

పాత చోట ఎవరిని అడిగితే పని అవుతుందో మీకు తెలుసు. కొత్త చోట అది తెలిసేసరికి మూడు నెలల టెన్షన్. కానీ మీరు మానేసిన కారణం కూడా పాత ఆఫీసులోనే కూర్చుని ఉంటుంది. అది జీతమైతే సర్దుకుంటుంది. బాస్ అయితే ఆయన ఇంకా ఉన్నారో లేదో ముందు కనుక్కోండి!

జీతం బేరానికి మామూలుగా కొత్త కంపెనీయే నయం. పాతవాళ్ల దగ్గర మీ లెక్కలన్నీ ఉంటాయి. వాళ్లంతట వాళ్లే పిలిస్తే మాత్రం పైచేయి మీదే. హోదా పెంచకుండా అదే సీటుకి రమ్మంటే నేనైతే వెళ్లను.

చాలామంది మరిచేది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు. పర్మనెంట్ ఉద్యోగికి సాధారణంగా 5 ఏళ్ల ఏకధాటి సర్వీసు కావాలి. మూడేళ్లు చేసి మానేసి, తిరిగి అక్కడికే వెళ్లినా పాత మూడేళ్లు మామూలుగా కలవవు. కొత్త కంపెనీలోలాగే లెక్క సున్నా నుంచి మొదలు. "కలుపుతాం లెండి" అని నోటిమాటగా అంటే ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. పీఎఫ్‌కి ఈ గొడవ లేదు. ఎక్కడ చేరినా యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) ఒకటే, పాత ఖాతా డబ్బు బదిలీ చేయించుకుంటే చాలు.