ఇల్లు వెంట వచ్చింది, నిలపడానికి చోటే కరువైంది

సినిమా పత్రికల పుణ్యమా అని క్యారవాన్ అనగానే మనకు చిత్రీకరణ జరిగే చోట కథానాయకుడు సేదతీరే ఏసీ బండే గుర్తుకు వస్తుంది. అందుకే ఫిబ్రవరిలో మేము చెన్నై నుంచి తరంగంబాడి దాకా సముద్రతీరం వెంట మోటార్‌హోమ్‌లో వెళ్లబోతున్నామని చెప్పినప్పుడు, పెరంబూరులోని మా బంధువులు ముందుగా అడిగిన ప్రశ్న ‘ఎవరి షూటింగు?’ అన్నదే. మేము వెళ్లింది నలుగురం: నేను, మా వారు, పదకొండేళ్ల మా అమ్మాయి, డెబ్బై రెండేళ్ల మా అత్తగారు; డ్రైవరుతో కలిపితే ఐదుగురం. నాలుగు పగళ్లు, మూడు రాత్రులు, రానూపోనూ కలిపి దాదాపు 600 కిలోమీటర్లు. బండిని డ్రైవరుతో సహా నగరంలోని ఒక అద్దె సంస్థ నుంచి తీసుకున్నాము. ఈ సమీక్షలో బండి గురించీ, అది ఆగిన చోట్ల గురించీ విడివిడిగా చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే మొదటిదానికి నేను ఇచ్చే మార్కులు రెండోదానికి ఇవ్వలేను.

బండి ఫోర్స్ ట్రావెలర్ చట్రం మీద కట్టినది. పొడవు దాదాపు 7 మీటర్లు, ఎత్తు 3 మీటర్లకు కొంచెం తక్కువ. వెనుక ఇద్దరు పడుకునే మంచం, మధ్యలో భోజనాల బల్లను కిందికి దించితే మరో మంచం, 90 లీటర్ల ఫ్రిజ్, ఒక ఇండక్షన్ పొయ్యి, 100 లీటర్ల మంచినీటి ట్యాంకు, అన్నింటికంటే ముఖ్యంగా కుర్చీ కమోడ్ ఉన్న చిన్న స్నానాల గది. పని శుభ్రంగానే చేశారు. అలమారాల తలుపులకు గొళ్లాలు గట్టిగా పడుతున్నాయి, గతుకుల్లో గిన్నెలు మోగలేదు, కిటికీలకు దోమతెరలు చిరుగులు లేకుండా ఉన్నాయి.

ఈ బండి విలువ మాకు మొదటి రోజు ఉదయమే, ముట్టుకాడు దాటకముందే తెలిసింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ప్రయాణం చేసిన వారికి అసలు ఇబ్బంది ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. శుభ్రమైన తీరాలకు ఇచ్చే నీలి జెండా (బ్లూ ఫ్లాగ్) గుర్తింపును 2021లో పొందిన కోవళం తీరం వంటి చోట్ల మరుగుదొడ్లు ఉన్నా, రెండు ఊళ్ల మధ్య అవసరం వస్తే ఏ పెట్రోలు బంకునో, ఏ హోటలునో వెతుక్కోవాలి. దొరికిన చోట నేలమీద కూర్చునే దొడ్డి ఉంటే ఆమెకు అది లేనట్టే లెక్క. మా అత్తగారు ఇంతకుముందు కారులో పుదుచ్చేరి వెళ్లినప్పుడు ఉదయం నుంచి మంచినీళ్లు మానేసి కూర్చున్నారు. ఈసారి నాలుగు రోజులూ హాయిగా నీళ్లు తాగారు, కొబ్బరిబొండాలు కూడా తాగారు. అయినా నెల్లూరు మనిషి కాబట్టి ఎత్తిపొడవకుండా ఉండలేక, “ఏంది అమ్మాయ్, ఇంత డబ్బు పోసి బాత్రూమును వెంటేసుకొని తిరగతా ఉండామా?” అన్నారు. నిజానికి మేము చేసింది అదే. అద్దెలో సగం దానికే ఇచ్చామనుకున్నా నాకు బాధ లేదు.

సంస్థవారు ఫోనులో “ఏసీ రాత్రంతా నడుస్తుంది” అని చెప్పిన మాటను మాత్రం లెక్క వేసి చూసుకోవలసింది. బండిలో ఉన్నది 12 వోల్టుల, 400 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, అంటే నిండుగా ఉన్నప్పుడు 4.8 యూనిట్ల కరెంటు. ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తీసుకుంటుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, నీటి మోటారు కలిపితే నాలుగు గంటలకే బ్యాటరీ అడుగంటుతుంది. పైకప్పు మీది 400 వాట్ల సోలార్ పలక ఎండ బాగా కాసిన రోజున కూడా రెండు యూనిట్లకు మించి ఇవ్వలేదు. కాబట్టి రాత్రి ఏసీ కావాలంటే బయటి నుంచి తీగ తెచ్చి తగిలించుకోవడానికి 15 ఆంపియర్ల ప్లగ్గు ఉండి తీరాలి. తీరప్రాంతంలో ఉక్కపోత సంగతి తెలిసిందే; ఫిబ్రవరిలో తెల్లవారుజామున ఫ్యాను సరిపోయింది గాని, ఏప్రిల్, మే నెలల్లో ఆ బ్యాటరీని నమ్ముకొని సముద్రం ఒడ్డున పడుకోవడం నిప్పుల కొలిమిలో దుప్పటి కప్పుకోవడమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలూ, తుపానుల భయమూ ఉంటాయి. కనుక ఈ ప్రయాణానికి జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకానే కాలం, అందులోనూ జనం విహారానికి పోటెత్తే కానుం పొంగల్ నాడు (సంక్రాంతి తరువాత రెండో రోజు) మహాబలిపురం వైపు చూడకపోవడం మంచిది.

మొదటి రాత్రి మహాబలిపురం దాటాక సరుగుడు తోపులో ఉన్న ఒక ప్రైవేటు క్యాంపులో ఆగాము. 15 ఆంపియర్ల ప్లగ్గు ఉందని ముందుగా రాసి పంపారు. తీరా చూస్తే వాచ్‌మన్ గదిలోని 5 ఆంపియర్ల ప్లగ్గు నుంచి రెండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు కలిపి లాగిన తీగ అది. 230 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లంటే 1,150 వాట్లు. ఏసీ, బ్యాటరీ ఛార్జరు కలిసి నడవగానే దాన్ని మించిపోతాయి. రాత్రి 11 గంటలలోపు మూడుసార్లు ఫ్యూజు ఎగిరింది, నాలుగోసారి వాచ్‌మన్ లేవలేదు. దానికి తోడు ఆ క్యాంపు నిర్వాహకులు సముద్రం వైపు పెద్ద ఫ్లడ్‌లైట్లు రాత్రంతా వెలిగించి ఉంచారు. జనవరి నుంచి ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయనీ, దాదాపు ఏడు వారాల తరువాత గుడ్ల నుంచి బయటపడే పిల్లలు వెలుతురును చూసి సముద్రం అనుకొని ఒడ్డువైపు నడిచి చచ్చిపోతాయనీ మా అమ్మాయి వారికి ఓపికగా వివరించింది. వారు తల ఊపారు. లైట్లు ఆర్పలేదు.

కరెంటు కంటే పెద్ద చిక్కు మురుగు. కమోడ్ కింద సూట్‌కేసులా లాగి బయటికి తీసే 20 లీటర్ల పెట్టె ఉంటుంది; మేము ఐదుగురం వాడితే, పొదుపుగా నీళ్లు పోసినా, ఒకటిన్నర రోజుకు నిండింది. దాన్ని ఎక్కడ ఖాళీ చేయాలని అడిగితే క్యాంపువారు చేత్తో తోపు చివరను చూపించారు. మేము ఒప్పుకోలేదు. మరునాడు పుదుచ్చేరిలో ఒక హోటలువారిని బతిమాలి, 200 రూపాయలు చేతిలో పెట్టి, వారి మరుగుదొడ్డిలో పోయించాము. మా వారు ముక్కుకు తువ్వాలు కట్టుకొని ఆ పెట్టెను మోసుకొని వెళ్తుంటే హోటలు కాపలాదారు సెల్యూట్ చేయడం ఈ ప్రయాణంలో మరిచిపోలేని దృశ్యం. పెట్టెలో పోసే రసాయనం విషయంలో కూడా జాగ్రత్త అవసరం: ఫార్మాల్డిహైడ్ కలిసిన నీలిరంగు ద్రవం సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులను చంపుతుంది కనుక జీవసంబంధమైన ద్రవాన్ని అడిగి తీసుకోవాలి.

ఈ కొరతకు క్యాంపుల యజమానుల అలసత్వం ఒక్కటే కారణమని నేను అనను. తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు 1991 నుంచి అమలులో ఉన్నాయి. పోటునీటి గీత నుంచి లోపలికి 500 మీటర్ల దాకా కట్టడాల మీద రకరకాల ఆంక్షలు ఉంటాయి. అవి ఉండవలసినవే. అయితే అలల పక్కనే పడక అని ఆశపెట్టే స్థలాల్లో పక్కా మురుగు తొట్టె ఉండకపోవడానికి ఒక కారణం అదే. కాబట్టి అలలకు అరకిలోమీటరు ఇవతల, గట్టి నేల మీద, పక్కా మరుగుదొడ్లున్న తోటనో, విశాలమైన ఆవరణ ఉన్న హోటలునో ఎంచుకొని, సముద్రం దగ్గరికి నడిచి వెళ్లడమే తెలివైన పని. ఇసుకలో దిగబడిన మూడు టన్నుల బండిని ట్రాక్టరుతో లాగించుకున్న మరో కుటుంబాన్ని చూశాక ఈ అభిప్రాయం ఇంకా బలపడింది.

రెండో రోజు దారి అందమైనది. కడపాక్కం దగ్గర ఉప్పుటేరు ఒడ్డున శిథిలమైన ఆలంపరై కోటలో గంటన్నర గడిపాము. 1750లో ఫ్రెంచివారి చేతికి వచ్చిన ఆ కోటను పదేళ్లకే ఆంగ్లేయులు పడగొట్టారు. నీడ లేదు, అంగడి లేదు, కూర్చునే చోటు లేదు. అటువంటి చోట బండి పక్కన పందిరి గుడ్డ చాచి, కుర్చీలు వేసుకొని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తినడం మోటార్‌హోమ్ వల్ల మాత్రమే దొరికే సుఖం. ఆ తరువాత మరక్కాణం ఉప్పుమడులు. పుదుచ్చేరిలో మాత్రం ఈ బండి గుదిబండ. ఫ్రెంచి వీధుల్లో అది తిరగదు, ఎత్తు అడ్డుకమ్మీలున్న పార్కింగులోకి పోదు. ఊరి బయట హోటలు ఆవరణలో నిలిపి ఆటోల్లో తిరిగాము.

మూడో రాత్రి తరంగంబాడి. అసలు ఈ ఊరి కోసమే మేము చెన్నై నుంచి 270 కిలోమీటర్లు దిగి వచ్చాము. 1620లో తంజావూరు నాయక రాజు రఘునాథుడితో ఒప్పందం చేసుకొని డేన్లు (డెన్మార్కువారు) ఇక్కడ డాన్స్‌బోర్గ్ కోట కట్టారు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు డెన్మార్కు రాజుకు బంగారు రేకు మీద లేఖ రాయించి పంపాడని చెబితే, మా అత్తగారు కోట గోడను ఒకసారి తడిమి చూశారు. 1845లో డేన్లు ఊరిని ఆంగ్లేయులకు అమ్మి వెళ్లిపోయారు. కోట పక్కనే 1306 నాటి మాసిలామణి నాథుడి గుడి ముందు భాగాన్ని సముద్రం ఎప్పుడో కోసుకొని పోయింది. ఊరికి ఇవతల ఒక ఇంటి యజమాని తన కొబ్బరితోటలో బండి నిలుపుకోనిచ్చారు: నిఖార్సైన 15 ఆంపియర్ల ప్లగ్గు, బోరు నీళ్లు, తోట చివర సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డి, రాత్రికి వెయ్యి రూపాయలు. క్యాంపు అనే బోర్డు లేదు, ఫ్లడ్‌లైట్లు లేవు. మూడు రాత్రుల్లోనూ మేము ఒళ్లు మరిచి నిద్రపోయింది అక్కడే. తెల్లవారి వెనుక తలుపు తెరిచి కాఫీ గ్లాసుతో మెట్టు మీద కూర్చుంటే అలల చప్పుడు తోట దాటి మెల్లగా వినిపించింది.

వంట గురించి కొద్దిగా. ఇండక్షన్ పొయ్యి, ఏసీ రెండూ ఒకేసారి నడవవు, ఇన్వర్టరు మొరాయిస్తుంది. ఉప్మా, అన్నం, పాలు కాచుకోవడం వరకు ఇబ్బంది లేదు. ఇంగువ తాలింపు వేయగానే పొగ అలారం మోగి మా అమ్మాయి ఉలిక్కిపడింది. చేపల వేపుడు బండిలో చేయడం గురించి ఆలోచించవద్దు, ఆ వాసన పరుపుల్లో మీకంటే ఎక్కువ రోజులు ఉంటుంది.

ఇటువంటి సేవల ప్రకటనల్లో ఎక్కడా కనిపించని విషయం ఒకటుంది. డ్రైవరు ఎక్కడ పడుకోవాలి? సంస్థ రోజుకు 800 రూపాయల బత్తా చెల్లించమంది గాని, అతని పడకకు ఏర్పాటు చేయలేదు. ముందు సీటును వెనక్కి వాల్చుకొని పడుకోవడమే అలవాటని అతనే చెప్పాడు. పగలంతా మనల్ని మోసే మనిషి రాత్రి మెడ విరిచి కూర్చుంటే మరునాటి ప్రయాణం ఏమవుతుంది? మా అత్తగారు “తంబీ, ఇట్టా అయితే కుదరదు” అని, పుదుచ్చేరిలో అతనికి గది తీయించే దాకా ఊరుకోలేదు. తరంగంబాడిలో ఇంటివారి వరండాలో మంచం దొరికింది. బండి తీసుకునేవారు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

డబ్బు సంగతి. రోజుకు 12,500 చొప్పున నాలుగు రోజులకు 50,000 రూపాయలు, డీజిల్ 6,000, బత్తా 3,200, రాత్రి మకాములకూ డ్రైవరు గదికీ కలిపి సుమారు 4,500. ఇదే దారిలో పెద్ద కారు, రెండు హోటలు గదులు తీసుకుంటే మాకు ఇందులో మూడింట రెండు వంతులే అయ్యేది. ఆరోగ్యంగా ఉన్న జంటకు, కుర్రవాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను. ఇంట్లో పెద్దవారో, చంటిపిల్లలో ఉన్నవారికి నిస్సంకోచంగా చేస్తాను, క్యాంపు పేరు చూసి కాక ప్లగ్గు ఫోటో, మరుగుదొడ్డి ఫోటో తెప్పించుకొని చూశాక మకాము ఖరారు చేసుకునే పక్షంలో.

బండి తిరిగి అప్పగించిన రోజున 25,000 ధరావతులో 3,000 కోశారు, పందిరి గుడ్డ అంచు చిరిగిందని. ఆ చిరుగు బయలుదేరేటప్పుడే ఉంది, మేము వీడియో తీసుకోలేదు. డ్రైవరు మా పక్షాన మాట్లాడిన తరువాత 1,500 వెనక్కి ఇచ్చారు.